తెలుపు చూపించమన్న కెమెరా

నా చిన్నప్పుడు మా ఊళ్లో తెల్లబట్ట తెల్లగా ఉండేది కాదు. జంషెడ్‌పూర్ గాలి అలాంటిది. పొద్దున్నే ఉతికి ఆరేసిన తాతయ్య పంచె మధ్యాహ్నానికల్లా కార్ఖానా దుమ్ము పట్టి ఎర్రబారిపోయేది. మా నానమ్మ ఊరుకునే మనిషా? నీలిమందు రెండింతలు కలిపేది. బర్మామైన్స్ పేటలో మా సందు మొదట్లో నిలబడి, ఆరేసిన బట్టలు చూసి మా ఇల్లు ఏదో చెప్పెయ్యొచ్చు. ఆ పంచె తెల్లటిదేనని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్లం. పుట్టినప్పటి నుంచీ అదే చూస్తుంటే నమ్మక ఏం చేస్తాం?

ఆ నమ్మకం ఒక కెమెరా ముందు పోయింది. తాతయ్య రిటైరైన ఏడాది సంగతి అది. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి మీసాలైనా రాని వయసులో వచ్చి కార్ఖానాలో చేరాడట. ఉద్యోగంతో వచ్చిన క్వార్టర్ ఉద్యోగంతోనే పోతుంది. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, అయినా తన వంతు వచ్చేదాకా ఎవరికీ నమ్మబుద్ధి కాదు. రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు కాస్త జాగా, ఆ జాగాలో నానమ్మ పెంచిన నందివర్ధనం చెట్టు. మా నాన్న పుట్టింది ఆ ఇంట్లోనే, నేను పుట్టిందీ అక్కడే. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో అద్దె ఇల్లు మాట్లాడారు. సామానంతా మూటలు కట్టేశారు. తెల్లవారితే బండి వస్తుంది.

తాతయ్యకి ఒకటే కోరిక మిగిలింది. ఆ ఇంటి ముందు నానమ్మ నిలబడి ఉన్న ఫొటో ఒక్కటి కావాలి. ఓటరు కార్డు మీద ఉన్న మసక మొహం తప్ప ఆవిడకి ఫొటో అన్నదే లేదు. ఆ కార్డులో మనిషి ఎవరో ఆవిడకే తెలిసేది కాదు. పెళ్లినాడు ఫొటో తీయించుకునే స్తోమత లేకపోయింది. స్తోమత వచ్చాక ఆవిడ పడనివ్వలేదు. ఎప్పుడడిగినా అదే మాట.

“నా ఫొటో ఏటికి? పోయాక దండెయ్యడానికా?”

ఆ మాట వింటే తాతయ్య మొహం మాడ్చుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు.

పక్కింటి అక్క ఇదంతా ఎరుగున్నదే. ఆవిడ అప్పుడే చదువు ముగించి ఒక చిన్న ఆఫీసులో చేరింది. తాతయ్య గోడు విని, వాళ్ల ఆఫీసు డిజిటల్ కెమెరా ఒక్క పూటకి అడిగి తెచ్చింది. సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి. రీలు లేకుండా ఫొటో పడుతుందంటే తాతయ్య నమ్మలేదు. ముందు నన్ను గేటు దగ్గర నిలబెట్టి తీసి, వెనక ఉన్న చిన్న తెర మీద చూపించింది అక్క.

అయ్యో రామా! పూలు నీలం, గోడ నీలం, నేను నీలం. విషం మింగిన పిల్లలా ఉన్నాను. తాతయ్య చెట్టంత మనిషి, అరుగు మీద కూలబడిపోయాడు. నానమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. తప్పించుకున్నానన్న నవ్వు అది, నాకు బాగా తెలుసు.

అక్క చోట నేనుంటే కెమెరా నెత్తిన నాలుగు మొట్టేదాన్ని. ఆవిడ అలా కాదు. చున్నీ అంచుతో అద్దం తుడిచి ఒక ఫొటో తీసింది. నీలమే వచ్చింది. బ్యాటరీలు మార్చి ఇంకొకటి తీసింది. అదీ నీలమే. అన్నీ ఒకేసారి మార్చెయ్యొచ్చు కదా, పొద్దు పోతోంది అని నేను సణిగాను. అలా చేస్తే ఏది బాగుచేసిందో మనకి తెలియదని, ఒక్కొక్కటే మార్చాలని చెప్పి, నన్ను చీకటిగా ఉండే వంటింట్లోకి తీసుకెళ్లి బల్బు కింద తీసింది. అక్కడ నేను నాలాగే ఉన్నాను! గౌను ఎరుపు ఎరుపే, మొహం చామనఛాయ చామనఛాయే.

అక్క గడప మీద కూర్చుని కాసేపు ఆలోచించింది. తరవాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. కెమెరాకి ఏది తెలుపో తనంతట తనకి తెలియదు. ఎవరో ఆఫీసులో బల్బు వెలుతుర్లో దానికి ఏదో చూపించి, ఇదే తెలుపు అని నేర్పారు. ఆ పసుపు వెలుతుర్ని తెలుపనుకుంది కాబట్టి, ఎండలోకి రాగానే లోకమంతా దానికి నీలంగా కనబడుతోంది. పాపం దాని తప్పేం లేదు. ఇప్పుడు ఎండలో తెల్లటి వస్తువు చూపించి మళ్లీ నేర్పాలి. వేరే పద్ధతులు ఉన్నాయిట గానీ, వాటికి వెళ్లే బటన్ అరిగిపోయి పని చెయ్యడం లేదు.

తెలుపు అనగానే తాతయ్య లేచాడు. కాగితాలూ పుస్తకాలూ అన్నీ మూటల్లో ఉన్నాయి. తీగ మీద ఆరుతున్న పంచె లాక్కొచ్చి, మా ఇంట్లో దీన్ని మించిన తెలుపు లేదన్నట్టు గర్వంగా చాచి పట్టుకున్నాడు. అక్క దాన్నే కెమెరాకి చూపించింది. మళ్లీ నన్ను తీసింది.

ఈసారి పసుపు. మంగళస్నానానికి కూర్చోబెట్టినట్టు నిలువెల్లా పసుపు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. మర్నాటి నుంచి ఆ ఇల్లు మాది కాదు, ఆ ఇల్లున్న ఫొటో ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. తాతయ్య అయితే ఇక వదిలెయ్యమన్నాడు.

అక్క వదల్లేదు. ఒక నందివర్ధనం పువ్వు కోసి పంచె మీద పెట్టింది. పెట్టగానే అందరం చూశాం. పువ్వు పక్కన పంచె ఆకాశంలా ఉంది.

“నీలిమందు ఎట్టాను కదే దానికి,” అంది నానమ్మ. “ఏం, తెల్లగా లేదా?”

తాతయ్య పంచె వంక చూసుకుని, ఇన్నేళ్లూ నీలం పంచె కట్టుకుని ఊరంతా తిరిగానా అన్నాడు. ఆ మాటకి నానమ్మకి పౌరుషం వచ్చేసింది. ఆవిడ తెలుపుని ఎవరైనా మాటంటే పడేది కాదు. విసవిసా లోపలికి వెళ్లి, మూట విప్పి, స్టీలు పళ్లెం నిండా బియ్యప్పిండి పోసుకుని వచ్చింది. కొత్తింటి గుమ్మంలో ముగ్గు పెట్టడానికని దంచి, జల్లించి దాచుకున్న పిండి అది. పువ్వు పక్కన పెట్టి చూశాం. పువ్వు, పిండి ఒక్కలాగే ఉన్నాయి.

అక్క కెమెరాకి ఆ పిండిని ఎండలో చూపించింది. తరవాత చేసిన పని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కెమెరాలో చూసుకుంటూ, చాలా మామూలుగా అడిగింది.

“రంగు సరిగ్గా వత్తందో లేదో సూడాలి మామ్మా. పళ్లెం కూసింత పైకెత్తి పట్టుకో.”

పళ్లేన్నే కదా తీసేదని నానమ్మ చెట్టు పక్కన నిలబడి పట్టుకుంది. పిండి ఒకవైపు ఒరిగితే వేలితో సర్దుతోంది, చూపంతా దాని మీదే. అక్క ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి వేసింది. గేటు దాకా వెళ్లిపోయింది. తాతయ్యకి అర్థమైపోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. క్లిక్కుమంది.

రంగు కుదిరిందని చెప్పి అక్క కెమెరా సంచిలో పెట్టేసింది. నానమ్మ ఆవిడ వంక ఒక చూపు చూసింది. ఆ పళ్లెం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, నీళ్లు చల్లి, ఉన్న పిండంతా పోసి పెద్ద ముగ్గు పెట్టడం మొదలుపెట్టింది. రేపు మనం ఉండం కదా నానమ్మా, కొత్తింటికని దాచావు కదా అన్నాను.

“రేపొచ్చేవోలు మనుసులు కారేటే గుంటా? వచ్చేసరికి గుమ్మం బోసిగుంటే ఏం బాగుంటాది?”

ఆ ఫొటో కాగితం మీద వచ్చాక నానమ్మ చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాం. తన్ను తాను చూసుకోనేలేదు, వెనకున్న నందివర్ధనాన్నీ కిటికీనీ వేలితో తడుముతూ కూర్చుంది.

ఆవిడ పోయాక మా దగ్గరున్న ఫొటో అదొక్కటే. పెద్దది చేయించడానికి తీసుకెళితే స్టూడియో అతను పళ్లెం కత్తిరించి, వెనక నీలం తెర వేస్తానన్నాడు. తాతయ్య ససేమిరా అన్నాడు. గోడకి తగిలించాక చుట్టాలు దండ తెస్తే అదీ వెయ్యనివ్వలేదు. ఆవిడకి ఇష్టం ఉండదని మాత్రం చెప్పాడు. ఇప్పుడు తాతయ్యా లేడు. ఆ క్వార్టర్ల వరస కూడా లేదు, కొట్టేశారు. ఒకటి రెండుసార్లు వెళ్లి చూశాను గానీ, మా గేటు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. పక్కింటి అక్క పెళ్లయి ఎటో వెళ్లింది. ఎక్కడుందో తెలిస్తే ఒక్కసారి కలిసి చెయ్యి పట్టుకోవాలని ఉంది. మా ఇంటి గోడ మీద మాత్రం నానమ్మ ఇంకా పిండి సర్దుకుంటూనే ఉంది, దండ లేకుండా.

మొన్న మా అమ్మాయి ఎక్కణ్నుంచో పాత డిజిటల్ కెమెరా ఒకటి పట్టుకొచ్చింది. ఇప్పటి పిల్లలకి ఫోన్లు పాతబడి, ఇవి కొత్త అయ్యాయి. ఫొటోలన్నీ నీలంగా వస్తున్నాయని విసిరికొట్టబోయింది. ఆగవే తల్లీ అని అద్దం తుడిపించాను, బ్యాటరీ మార్పించాను, బల్బు కింద తీయించాను. ఒక్కొక్కటే. తరవాత వంటింట్లోకి వెళ్లి పళ్లెంలో బియ్యప్పిండి పోసుకొచ్చాను. నాకు తెలుపంటే ఇప్పటికీ అదే. ఏ విషయంలోనైనా రంగు తేడా కొట్టినప్పుడు, ముందు నేను తెలుపనుకుంటున్నది తెలుపేనా అని చూసుకోవడం ఆ రోజు నుంచి వచ్చిన అలవాటే. పంచెలు నీలిమందులో ముంచిన ఇంటి పిల్లని, ఆ మాత్రం భయం ఉండాలి.

కెమెరా తెలుపు నేర్చుకుంది. “మమ్మీ, ప్లేట్ పకడ్‌కే ఐసే హీ ఖడీ రహో,” అంది మా అమ్మాయి. నేను తెలుగులో అడిగితే అది హిందీలోనే చెబుతుంది. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడమంది, రంగు చూడాలట.

నిలబడ్డాను. అది ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసిన చప్పుడు కూడా వినబడింది. నేను తలెత్తలేదు. ఒకవైపు ఒరిగిన పిండిని వేలితో సర్దుకుంటూ ఉండిపోయాను.