ఎనిమిదో కుదుపు

ఆమె ఊరందరికీ సైకిలక్క. వయసులో పెద్దవాళ్లకూ అక్కే, బడిపిల్లలకూ అక్కే. మేడమెట్ల కింద, నిలబడితే తల తగిలే సైకిలు రిపేరు కొట్టు ఆమెది. ముప్ఫై ఏళ్లు అందులో వంగి పనిచేసి, ఇప్పుడు బయటికొచ్చినా కాస్త వంగే నడుస్తుంది. నోరు మాత్రం ఎవరి ముందూ వంగలేదు.

ఆ కొట్టుకొక కట్టుబాటుంది. కొండదారుల్లో తొక్కే సైకిలు ఏదైనా సరే, బాగుచేశాక ఊరి వెనక గుట్ట మీంచి ఆమె స్వయంగా తొక్కుకుంటూ దిగి "సరే" అంటేనే సొంతదారు చేతికి వెళ్తుంది. ఆ గుట్టదారి కూడా ఆమే, ఆమె తమ్ముడూ కలిసి పలుగూ పారా పట్టి వేసింది. ఏటా వానలు తగ్గాక ఆమె సరే అనేదాకా దాని మీద ఎవరూ చక్రం పెట్టరు. దారి చివర్న ఏడు రాతిమెట్లుంటాయి. అవి దిగితే, కింది మలుపు దాకా చదునైన మట్టి.

ఆమె సొంత బండి హార్డ్‌టెయిల్. ముందు చక్రానికే స్ప్రింగు. వెనక చక్రానికి తగిలింది తగిలినట్టు సీటుకూ, సీటు నుంచి వెన్నుకూ చేరుతుంది. తమ్ముడు మాత్రం డబ్బు తీసుకుని జనాన్ని సైకిళ్ల మీద గుట్ట దింపే పని పెట్టుకుని ఆరు ఫుల్ సస్పెన్షన్ బళ్లు కొన్నాడు. వాటికి వెనక కూడా కుదుపు మింగేసే షాకు ఉంటుంది. రాయెక్కితే చక్రం తన పాటికి తను లేచి దిగుతుంది, పైన కూర్చున్న మనిషికి కబురైనా అందదు.

"అది సైకిలు కాదురా, సోఫా," అనేది అక్క.

"నీది మాత్రం సైకిలా? రోకలి," అనేవాడు తమ్ముడు.

ఈ వేళాకోళం ఏళ్ల తరబడి నడిచింది. ఈ ఏడు వానలు తగ్గాక అక్క ఎప్పట్లాగే దారి చూడ్డానికి వెళ్లింది. మెట్లు దిగేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఏడు అయిపోయాయి. చదును నేల మీదికొచ్చాక, సీటు కింద ఎనిమిదోది తగిలింది.

దిగి చూసింది. రాయి లేదు, వేరు లేదు. చుట్టుపక్కలంతా నీళ్లు నిలిచి ఉంటే ఆ నాలుగడుగుల మేర మాత్రం మట్టి పొడిగా ఉంది. బండిని పైకి నెట్టుకెళ్లి మళ్లీ దిగింది. మళ్లీ ఎనిమిది. చక్రం దేన్నో ఎక్కిన కుదుపులా లేదది. మన అడుగుల చప్పుడు భరించలేక కింది వాటావాళ్లు కప్పు మీద కర్రతో కొట్టినట్టుంది. గుట్టలో ఏ వాటాలూ లేవని ఆమెకు తెలుసు. తెలిసినా ఒళ్లు జలదరించింది.

మర్నాడు వెళ్తే దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. ఆ సంగతి తమ్ముడికి చెప్పింది.

"మెట్లు కట్టింది మనమే కదక్కా. ఎనిమిదోది ఎవరు కట్టారు?" అని నవ్వాడు. "డాక్టరు ఆ బండి మానెయ్యమన్నాడా లేదా? కదులుతున్నవి నీ నడుం పూసలు."

ఆ మాట ఆమెను ఇరుకున పెట్టింది. నడుం నొప్పి నిజమే. పైగా ఆదివారం ఈ ఏటి మొదటి సవారీ. అందరికన్నా ముందు దిగబోయేది తమ్ముడి కూతురు, పదిహేడేళ్ల పిల్ల. పిల్లలు లేని అక్కకు కూతురైనా, ప్రాణమైనా ఆ మేనకోడలే. అందరికన్నా ముందు దిగే అవకాశం రావడం దానికిదే మొదటిసారి, వారం నుంచీ కాలు నిలవడం లేదు. నేల కింద ఎవరో కొడుతున్నారని చెప్పి సవారీ ఆపిస్తే ఊరంతా నవ్వుతుంది. చెప్పకుండా ఊరుకుందామంటే గుండె ఒప్పుకోదు.

శనివారం ఆమె తమ్ముడి బండి అడిగి తీసుకుంది. ఏడు మెట్లూ ఒకే జారుడుబల్లలా జారిపోయాయి. ఎనిమిదోది లేదు. మూడుసార్లు దిగింది, మూడుసార్లూ లేదు. "హమ్మయ్య, నా నడుమేలే," అనుకుంది. జ్వరం బిళ్ల మింగి జ్వరముందో లేదో చూసుకున్న పని ఇది. ముప్ఫై ఏళ్ల పనితనం ఆ పూట ఎటు పోయిందో! సాయంత్రం తమ్ముడికి సరే అని చెప్పేసింది.

ఆదివారం పొద్దున మలుపు దగ్గర నిలబడి పైకి చూస్తోంది. పిల్ల మెట్లు దిగుతూ కనిపించింది. దాని కింద ఉన్నది హార్డ్‌టెయిల్, తన బండే. పిల్ల వచ్చి ఆమె పక్కనే ఆగింది.

"నా బండి షాకులోంచి నూనె కారిపోతోందత్తా, అందుకే కొట్లోంచి నీది తెచ్చుకున్నా. నడుం విరగ్గొట్టేసింది. అవునూ, మెట్లు ఏడే అన్నావుగా? ఎనిమిది తగిలాయేంటి?"

అక్క గిరుక్కున మెట్ల వైపు తిరిగింది. తన నడుమంటే అరిగిపోయింది. ఈ పిల్ల నడుముకేం రోగం?

పైన రెండోవాడు బయల్దేరబోతున్నాడు. ఆమె పక్క పొదల్లోంచి పైకి పరుగెత్తింది. చెప్పులు ముళ్లలోనే ఉండిపోయాయి. అందరినీ పైనే ఆగమని అరిచి, చివరి మెట్టు మీద రొప్పుతూ నిలబడింది. తమ్ముడు విసుక్కుంటూ మెట్లు దిగి వచ్చాడు.

"ఇప్పుడేమైందక్కా?"

ఆమె నోరు తెరిచేలోగా కింద్నుంచి పిల్ల గొంతు వినిపించింది. బండి నెట్టుకుంటూ తిరిగి పైకొస్తోంది. "ఇదిగో నాన్నా, ఇక్కడే తగిలింది," అంటూ ఆ పొడిమట్టి మీద ఆగి, మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కి చూపించింది.

"బండి వదిలెయ్ తల్లీ," అంది అక్క. ఆమె గొంతు అంత మెల్లగా పలకడం తమ్ముడు ఎన్నడూ వినలేదు. "వదిలేసి, పొదలు పట్టుకుని పక్కకి రా. ఏం అడక్కు."

పిల్ల అత్త మొహం చూసి వదిలేసింది. రెండంగల్లో పొదల్లోకి వచ్చింది. పక్కకి పడ్డ బండి కింద మట్టి చప్పుడు లేకుండా కుంగింది. మొదట వెనక చక్రం పోయింది, తర్వాత హ్యాండిలు పోయింది. మిగిలిన చీకటి కంతలోంచి చల్లటి గాలి మొహాలకు కొట్టింది. బండి అడుగున పడ్డ చప్పుడు కోసం ముగ్గురూ చెవులు రిక్కించారు. ఎంతసేపటికీ రాలేదు.

తమ్ముడు కూతుర్ని వాటేసుకున్నాడు. "నిన్న నువ్వు సరే అన్నావు కదక్కా," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అన్నాన్రా. మెత్తటి బండెక్కి అన్నాను. ఏం లేదని వినాలనుంది నాకు, అదే వినిపించింది."

అప్పుడు ఆమె నిలబడ్డ రాతిని కింద్నుంచి ఏదో తట్టింది. ఒట్టి అరికాళ్లకు స్పష్టంగా తెలిసింది. తమ్ముడివి మెత్తటి బూట్లు, అతనికేమీ తెలియలేదు.

"పైకి పదండి," అంది ఆమె, పిల్ల చెయ్యి పట్టుకుని. "మెట్ల మీద వద్దు, పొదల్లోంచి. పరుగెత్తొద్దు."