బట్టీ పట్టిన పాము, కుందేలు

ఉదయం ఎనిమిదింటికి హామిల్టన్‌లో బస్సెక్కాను. పామర్‌స్టన్ నార్త్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అక్కడ గ్రేస్ వాళ్ళ అమ్మమ్మ నన్ను చూస్తారు. అమ్మానాన్నలు లేని గ్రేస్‌ని పెంచింది ఆవిడే. ఆవిడ వద్దంటే పెళ్ళి లేదని గ్రేస్ ముందే చెప్పేసింది.

వాళ్ళ పూర్వీకులు చైనా నుంచి వచ్చినవాళ్ళు. అందుకని ఆవిడని మెప్పిద్దామని జంతువులున్న చైనా జాతీయాలన్నీ ఎంట్రన్స్‌కి చదివినట్టు బట్టీ పట్టాను. గ్రేస్ ఇక్కడే పుట్టింది, తనకు చైనీస్ రాదు. పెద్దావిడకు రాకపోతుందా అనుకున్నాను. సర్‌ప్రైజ్ కదా అని గ్రేస్‌కి కూడా చెప్పలేదు.

నేను గొణుక్కునే తెలుగు అర్థాలు విని పక్కసీటు ఆంటీ పలకరించారు. మౌంట్ ఆల్బర్ట్ నుంచి కూతురి దగ్గరికి వెళ్తున్నారట.

"పరీక్షా బాబూ?"

"పెళ్ళిచూపులు ఆంటీ. చూసేది నేను కాదు, అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ నన్ను."

"అయితే నాకు అప్పజెప్పు, విందాం."

చెప్పాను. పాముకి కాళ్ళు గీయడమంటే అతి చేసి ఉన్నది చెడగొట్టుకోవడం. పూర్వం కొందరు పందెం వేసుకుని పాముబొమ్మలు గీశారు. ముందు ముగించినవాడు ఊరుకోక కాళ్ళు కూడా పెట్టి, గెలిచిన మద్యం పోగొట్టుకున్నాడు. మోడు దగ్గర కుందేలు కోసం కాచుకోవడమంటే పని మానేసి అదృష్టం కోసం కూర్చోవడం. ఒక రైతు పొలంలో కుందేలు మోడుకి గుద్దుకుని చచ్చింది. ఇంకోటి వస్తుందని అతను నాగలి వదిలేసి రోజూ అక్కడే కూర్చున్నాడు.

"బాగానే వచ్చిందిగా, ఎందుకంత కంగారు?" అన్నారు ఆంటీ. టౌపోలో బస్సాగితే తినడానికి మీట్ పై కొనుక్కున్నాను, సగం కూడా దిగలేదు. తర్వాత చెట్టూ చేమా లేని కొండలు వచ్చాయి. అందరూ ఫొటోలు తీస్తుంటే నేను కళ్ళు మూసుకుని పాము పాఠమే చదివాను.

మూడున్నరకి గ్రేస్ ఇంట్లో కూర్చున్నాం. అమ్మమ్మగారు టీ పోశారు. నేను లేచి నిలబడి మొదటి జాతీయం చైనీస్‌లో అప్పజెప్పాను.

"నాకు చైనీస్ రాదు బాబూ," అన్నారావిడ ఇంగ్లీషులో. "నేనూ ఇక్కడే పుట్టాను. మా నాన్న మాట్లాడిందీ ఇది కాదు, వాళ్ళ ఊరి భాష వేరు."

నా పరువు గంగలో కలిసింది. గ్రేస్ తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది.

కాసేపటికి ఆవిడే అడిగారు. "నాన్న క్యాబేజీ తోటలో తన భాషలో ఏదో చెప్పేవాడు. నేను ఇంగ్లీషులో జవాబిచ్చేదాన్ని. అప్పుడు 'ఆవు ముందు సంగీతం' అనేసి వెళ్ళిపోయేవాడు. ఆ మాటని ఇంగ్లీషులో అమ్మ చెబితే తెలిసింది. దానికి కథ ఏమైనా ఉందా?"

ఉంది, నేను చదివాను. అర్థం కానివాళ్ళకి చెప్పి ప్రయోజనం లేదని దాని భావం. ఆ మాట ఈవిడ మొహం మీద ఎలా అనను? అయినా అబద్ధం చెప్పలేక ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక విద్వాంసుడు ఆవు ముందు గొప్ప రాగం వాయించాడు. ఆవు గడ్డి మేస్తూనే ఉంది. ఆ తర్వాత ఈగల రొద, తల్లి కోసం అరిచే దూడ గొంతు వాయించాడు. ఆవు చెవులు రిక్కించి దగ్గరికొచ్చింది.

"ఆ దూడ సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు," అన్నారావిడ. కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ బయటికి రాలేదు.

రాత్రి మోటెల్లో నిద్ర పట్టలేదు. అంతా చెడగొట్టుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు తిరుగు బస్సు టైహాపె దాటుతుండగా గ్రేస్ ఫోన్ చేసింది.

"ఆదివారం అమ్మమ్మ వాళ్ళ నాన్న సమాధికి వెళ్తుందట. ఆయనతో మాట్లాడాలట. నిన్నూ రమ్మంది."

"నన్నెందుకు?"

"అక్కడికి ఇంట్లోవాళ్ళనే తీసుకెళ్తుంది."

వచ్చేటప్పుడు చూడని కొండలు ఇప్పుడు చూశాను, చాలా బాగున్నాయి. హామిల్టన్ చేరకముందే ఆదివారానికి టికెట్ తీసుకున్నాను.