ఆరు ఆటోల జాబితా

ఉదయం ఐదూ నలభైకి దిగాం. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. తుఫాను తీరం దాటి ఇరవై గంటలయింది. వాన ఆగలేదు, సన్నబడింది. చివరి నాలుగు కిలోమీటర్లూ అడ్డం పడ్డ కొబ్బరిచెట్లను రంపాలతో కోసుకుంటూ వచ్చాం. జీడితోటలు వేళ్లతో సహా లేచి పడున్నాయి. మా దగ్గర ఒక ట్రక్కు, ఒక జనరేటరు, రెండు రేడియో సెట్లు, ఒక లాప్‌టాప్, పదకొండు రోజుల తిండి. నేను సిగ్నల్స్ కెప్టెన్‌ని. దళంలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. మాది సాలూరు.

మా వీధిలో ఇప్పటికీ అడుగుతారు, "మిలట్రీలో సేసినావు గదా, ఎంతమందిని కాల్సినావు?" అని. ఎవర్నీ కాల్చలేదు. పదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద పని నల్ల తెర ముందు కూర్చుని ఆరు ఫైళ్లు బయటికి తీయడం. అదీ మొదటిసారి తప్పు చేశాను. నవ్వదలచుకున్నవాళ్లు మొత్తం చదివాక నవ్వండి.

మా బస ఒక డయాలసిస్ కేంద్రంలో. ఆ వైపు కిడ్నీ జబ్బు సంగతి అక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతున్నాను: వారానికి రెండు మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం కాకపోతే ఆ మనిషి మిగలడు. మిషన్లు మేడ మీద ఉన్నాయి కాబట్టి తడవలేదు. కంప్యూటరు కింద ఉంది. మునిగింది. మేం వచ్చేసరికి నీళ్లు తీశాయి గాని, అది పాడైపోయింది. ఫోన్లు లేవు. రోగులు తోటల మధ్య ఊళ్లలో చిక్కుకున్నారు. వాళ్లెవరో, ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరికి ఎన్ని రోజులు దాటిపోయాయో ఆ కంప్యూటరుకే తెలుసు.

రెండో రోజు పది గంటలకు కేంద్రంలో పనిచేసే కంప్యూటరు ఆపరేటరు నడుములోతు నీళ్లలో నడిచి వచ్చింది. పాతికేళ్లుంటాయి. నెత్తిమీద స్టీలు బియ్యం డబ్బా. అందులో పాలిథీన్ కవరు, కవర్లో ఒక హార్డ్ డిస్కు.

"తుపానుకి ముందురోజు కంప్యూటరు మొత్తం దీన్లోకి దింపేసినారు మేడం. బియ్యం పారబోసి దీన్ని పెట్టినాను. మాయమ్మ ఒకటే తిట్లు."

డిస్కులో ఉన్నది ఒకే ఒక్క పెద్ద ఫైలు. డిస్క్ ఇమేజ్ అంటారు. ఫోటో అనుకోకండి, మా ఎదురింటాయన అలాగే అనుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసి సామానంతా లారీకెక్కించి టార్పాలిన్ కట్టేశారనుకోండి, అదీ ఇమేజ్. మొత్తం దించుకునేంత చోటు నా లాప్‌టాప్‌లో లేదు. జనరేటరు డీజిలు మిషన్లకే చాలదు. కాబట్టి టార్పాలిన్ విప్పకుండా చెయ్యి లోపలికి పెట్టి కావలసిన పెట్టె ఒక్కటే లాగాలి. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. ఆజ్ఞ టైపు చేయాలి, అంతే.

"ఫైలు పేరేటి?" అన్నాను.

"లిస్టు," అంది. తడిబట్టలు పిండుకోడానికి మేడ మీదికి వెళ్లిపోయింది.

తొందరలో ఉన్నాను. ట్రక్కు మధ్యాహ్నం పన్నెండున్నర వరకే నాది. తర్వాత పక్క మండలానికి వెళ్లిపోవాలి, కల్నల్ ఆర్డరు. మామూలుగా ముందు ఇమేజ్‌లో ఏముందో జాబితా వేయించుకుని చూడాలి. చూడలేదు. ఇంగ్లీషు 'ఈ' అక్షరం కొట్టాను, బయటికి తియ్యమని. ఇమేజ్ పేరు, 'లిస్టు' అనే ఫైలు పేరు, ఎక్కడున్నా వెతకమని ఒక గుర్తు. మాటిమాటికీ ప్రశ్నలు వేసి ప్రాణం తీయకుండా, అన్నిటికీ అవునని ముందే చెప్పేసే ఇంకో గుర్తు. జన్మలో నేను అంత వినయంగా అవునన్నది ఆ ఒక్కసారే.

పదీ యాభైకి ఫైలు వచ్చింది. తెరిచాను. ఏడు పేర్లు, మూడు ఊళ్లు. ట్రక్కు హవల్దారు కాగితం మీద రాసుకుని పదకొండుకి బయల్దేరాడు. రేడియోలో కల్నల్‌కి చెప్పాను (రేడియోలో మా మాటలు హిందీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను): "రోగులు ఏడుగురు. ఒక్క ట్రిప్పు చాలు. ట్రక్కు వేళకి వదిలేస్తాను. ఓవర్."

"శభాష్. ఓవర్."

పదకొండున్నరకి ఆపరేటరు కిందికి దిగింది. తెర చూసింది.

"మిగతా అయిదూ ఏవి మేడం?"

"ఏ అయిదు? నీ డిస్కులో ఉన్నది ఒకటే."

"ఒలమ్మ! ఆరు ఆటోలకి ఒకటే లిస్టేటి? ఇది సూర్నారాయణ ఆటో. ఇందులో ఉన్నది ఏడుగురే. మొత్తం ముప్పై ఎనిమిది మందున్నారు."

అప్పుడు తెలిసింది ఆమె పద్ధతి. రోగుల పేర్లతో ఫైళ్లు పెట్టలేదు. సగంమందికి ఫోనే లేదు. వంతు రోజున ఏ ఊరివాళ్లు ఏ ఆటోలో ఎక్కుతారో దాన్నిబట్టి పెట్టింది. ఆటోవాడికి ఒక్క ఫోను కొడితే ఏడుగురూ దిగుతారు. ఆటోకొక ఫోల్డరు, దాని మీద డ్రైవరు పేరు. లోపల ఫైలుకి మాత్రం ఆరింటిలోనూ ఒకటే పేరు, లిస్టు.

అది విన్నాక కూడా వాదించాను. నాకది పుట్టుకతో వచ్చింది.

"నా కళ్లు పోనాయనుకుంటన్నావేటే? సరిగ్గా సూసే సెప్తన్నాను. ఒకటే వచ్చింది."

"కళ్లు బాగానే ఉన్నాయి, బుర్రే నేదు. వచ్చింది ఒకటే గాని, లోపలున్నవి ఆరు. నా సేత్తో పెట్టినాను. మీ మిలట్రీ సదువేటో గాని, లోపలేటున్నాదో సూడకుండా సెయ్యెట్టేస్తారేటి?"

రేడియో ఆపరేటరు జలంధర్ కుర్రాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వు ఆపుకోలేక సెట్టు వైపు తిరిగాడు.

మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. 'ఎల్' అక్షరం కొట్టి జాబితా వేయించాను. అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పారావు, యర్రయ్య, సూర్యనారాయణ. ఒక్కొక్క పేరు కింద ఒక్కొక్క లిస్టు. చూడగానే తప్పు బోధపడింది. 'ఈ' అక్షరం ఫోల్డర్లను పట్టించుకోదు. దొరికిన ఫైళ్లన్నీ ఒకే కుప్పలో పోస్తుంది. ఒకే పేరుంటే పాతదాని మీద కొత్తది రాసెయ్యనా అని అడుగుతుంది. అయిదుసార్లు అడిగేదే. అన్నిటికీ అవునని ముందే చెప్పేశాను. చివరిదొక్కటే మిగిలింది.

ఇమేజ్‌ మాత్రం చెక్కుచెదరలేదు. పోయినవి నేను తీసుకున్న నకళ్లే. 'ఎక్స్' కొట్టాను. అది ఫోల్డర్లతో సహా తీస్తుంది. ఈసారి అవునన్న గుర్తు పెట్టలేదు. పదకొండూ యాభైరెండుకి ఆరు ఫోల్డర్లూ తెర మీద వరసగా నిలబడ్డాయి.

మిగిలిన పని దానికంటే కష్టం. మైకు తీసుకున్నాను.

"రోగులు ఏడుగురు కాదు, ముప్పై ఎనిమిది. తప్పు నాది. నేనే సరిగా చూడలేదు. ట్రక్కు నాకింకా కావాలి. ఓవర్."

సెట్టు గరగరలాడింది.

"ఎంతసేపు కావాలి? ఓవర్."

"రేపు సాయంత్రం దాకా. ఓవర్."

"ఉంచుకో. ఈసారి లెక్క రెండుసార్లు చూడు. అవుట్."

ఆపరేటరు నా మొహమే చూస్తోంది. "ఏటన్నాడు?"

"ఉంచుకోమన్నాడు."

గోడకి చేరబడి కూర్చుంది. "మాయమ్మ పేరు కూడా అందులో ఉన్నాదప్పా," అంది. మేడం పోయి అప్పనయ్యాను, అంటే అక్కని. "అప్పలస్వామి ఆటో. నాను నడిసొచ్చీసినాను గాని, అది నడవలేదు."

డబ్బాలో బియ్యం పారబోసినందుకు తిట్టింది ఆవిడే. రెండో ట్రిప్పులో మొదట ఎక్కింది కూడా ఆవిడే. ట్రక్కు దిగగానే కూతుర్ని మళ్లీ తిట్టింది. అంత తీపి తిట్లు నేను మరెక్కడా వినలేదు.

మిషన్లు మూడు. మనిషికి నాలుగేసి గంటలు. ఎవరికి ఎక్కువ రోజులు దాటాయో లిస్టుల్లో ఉంది, ఆ వరసలోనే ఎక్కించారు. యర్రయ్య ఆటోలో నలుగురే, గెడ్డ (మా వైపు వాగుని అలాగే అంటాం) అవతలి ఊరు. ట్రక్కు అక్కడికి పోదు. మర్నాడు ఉదయం మావాళ్లు నడిచి వెళ్లారు. పదిన్నరకి హవల్దారు గొంతు వినిపించింది: "నలుగురూ దొరికారు. నలుగురూ మాట్లాడుతున్నారు. ఓవర్." నేను ముప్పై ఎనిమిదో టిక్కు పెట్టాను. పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. బయటికి వెళ్లి, ఎవరూ చూడకుండా, కూలిన జీడిచెట్టు మొద్దు మీద కూర్చుని బిస్కెట్టు ప్యాకెట్టు మొత్తం తినేశాను. రెండు రోజుల్లో నాకు ఆకలి తెలియడం అదే మొదలు.

పదకొండో రోజు వెనక్కి వెళ్లిపోయాం. తర్వాత సర్వీసు ముగిసింది, సాలూరు వచ్చేశాను. ఇక్కడ నా మాట వినేవాళ్లు తక్కువ. తుపాకీ లేదుగా.

ఆ రోజు వాళ్లని తేవడానికి ట్రక్కులో నేనూ వెళ్లాను. ఆ నలుగురు గెడ్డ దాటుతుంటే ఇవతలి ఒడ్డున ఉన్నాను. ఛాతీలోతు నీళ్లు. నడిమధ్య, హవల్దారు భుజాల మీద ఒక తాత. వొళ్లంతా తడిసింది, పంచె నీళ్లలో తేలుతోంది. ఎడమచెయ్యి ఒక్కటీ నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు. దానికి ఎర్ర తువ్వాలు చుట్టి ఉంది. సూదులు గుచ్చే నరం ఆ చేతిలోనే. ఒడ్డున దింపాక, ఇంక దించు తాతా అన్నాను. దించలేదు.

"ఈ సెయ్యి నాది కాదమ్మా, మిషనుది," అన్నాడు. ట్రక్కెక్కాడు. గతుకులకి మేమందరం ఒకరి మీద ఒకరు పడుతున్నాం. ఆ ఎర్ర తువ్వాలు చెయ్యి మాత్రం దారిపొడుగునా పైనే ఉంది.