దత్త అంటే ఇచ్చేసిన

నిన్న సాయంత్రం పక్కింటి పాప సాంఘికం పుస్తకం పట్టుకొచ్చి, దత్తమండలాలంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే, చేతిలోని చిక్కుడుకాయ వలవకుండా అలాగే ఉండిపోయాను. నా నోటి సంగతి మా వీధంతా ఎరుగును గానీ, ఆ మాట చెప్పబోయి ఒకప్పుడు బడిలో నేను చేసిన పని మాత్రం ఎవరికీ తెలియదు.

ఓర్వకల్లు దగ్గర పల్లెలో ఐదో తరగతికి చరిత్ర చెప్పే కొత్తలో, పుస్తకం చూసి చదివేదీ ఒక పాఠమేనా, చుట్టూ ఉన్న బతుకుల్లోంచి చెప్పాలి గానీ అని తోటి టీచర్లతో తగువేసుకునేదాన్ని. డిగ్రీ చదివానన్న పొగరు మరి. నిజాం మన జిల్లాలను కంపెనీవాళ్ళకు ఇచ్చేశాడు కాబట్టి దత్తమండలాలన్నారని చెప్పి ఊరుకోవచ్చు కదా, మీ ఊళ్ళో ఎవరైనా పిల్లను దత్తత ఇచ్చారా అని అడిగాను. ముందు వరుసలోని పిల్ల టక్కున లేచి, పక్కనున్న పిల్లను చూపించింది.

"ఇదో, దీన్నే మేడం! రాయచోటిలో వాళ్ళమ్మకు ఇద్దరు ఒకేసారి పుడితే, ఒకదాన్ని ఈడ పెద్దమ్మకిచ్చినారంట."

తరగతంతా నవ్వింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసట, ఆ పిల్లకూ నాకూ తప్ప.

మూడు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. హాజరు పిలుస్తూ ఆ పేరు రెండుసార్లు పిలిచేదాన్ని. ఎటైనా వెళ్ళిపోయిందేమో, అన్నం మానేసిందేమో అని ఒకటే భయం. నాలుగో రోజు ఉండబట్టలేక ఇంటికే వెళ్ళాను. పెంచిన తల్లి వాకిట్లో కొర్రలు చెరుగుతూ తలెత్తకుండానే అంది:

"చరిత్ర చెప్పమంటే మా ఇంటి చరిత్ర ఏంటికి తీస్తివమ్మా? పదేండ్లు దాపెట్టుకుంటినే!"

ఇంతలో ఆ పిల్ల గడపలోకి వచ్చింది.

"మేడం, కంపెనీవాళ్ళకిచ్చేటప్పుడు ఈడోళ్ళను అడిగినారా?"

లేదమ్మా అన్నాను. అబద్ధం చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"నన్నూ అడగలేదులే," అని, వెళ్ళి ఆమె పక్కనే కూర్చుని కొర్రల్లో రాళ్ళేరడం మొదలుపెట్టింది. ఆమె చేతిలో చేట ఆగిపోయింది. మర్నాడు పిల్ల బడికి వచ్చింది గానీ, ముందు వరుసలో కూర్చోలేదు.

నిన్న పక్కింటి పాపకు ఒక్క ముక్కలోనే చెప్పాను. రాసుకుని పుస్తకం మూసింది. ఇక్కడివాళ్ళను అడిగారా అన్న ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతుందోనని గుమ్మం దాటేదాకా బిక్కుబిక్కుమంటూ చూశాను. అడగలేదు. ఒక మార్కు ప్రశ్నకు అంతకంటే అక్కర్లేదు కదా ఇప్పుడు. పాప వెళ్ళిపోయాక కూడా, అడిగి ఉంటే బాగుండేదని చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.