టెంకాయ లేవలేదు

ఎదిగిన మనుషులు రాజులమనీ మంత్రగత్తెలమనీ చెప్పుకుంటూ పాచికలు వేసే ఆటలేంటని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకేం తెలుసు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనంతపురంలో ఆడపిల్లల హాస్టల్లో నలుగురం ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. ఎవరి అన్నో బెంగళూరు నుంచి తెచ్చిన ఆట నియమాల జిరాక్సు కాగితాలు, రెండు లూడో పాచికలు, అంతే మా సరంజామా. ఒకరు కథ నడపాలి. మిగతావాళ్లు తలా ఒక మనిషై ఆ కథలో తిరగాలి, మాట్లాడాలి. పని జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. నడిపేదాన్ని నేనే. లెక్చరర్ని చూస్తే వణికే ఒక పిల్ల మా ఆటలో దొంగల నాయకురాలు.

నా రూమ్మేటు మాత్రం నీళ్లు చూసే మనిషిగా ఉంటానంది. ఆమె సంగతి నాకొక్కదానికే తెలుసు. వాళ్లది బెళుగుప్ప దగ్గర పల్లె. ఓ పాజిటివ్ గ్రూపు రక్తమున్నవాళ్ల అరచేతిలో టెంకాయ పడుకోబెడితే, కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని మా వైపు నమ్మకం. కాలేజీలో రక్తం పరీక్ష చేస్తే ఆమెది అదే అని తేలింది. వాళ్ల నాయన ఆమె చేతిలో టెంకాయ పెట్టి చేనంతా నడిపించాడు. అది కదల్లేదు. పైన ఎండ, పక్కన ఆశగా చూస్తున్న నాయన. తట్టుకోలేక బొటనవేలితో కాస్త లేపింది. అక్కడే బోరు వేయించాడు. నీళ్లు పడలేదు, దుమ్మే లేచింది. ఆ ఎండాకాలమే గుండె ఆగి పోయాడు. తానే లేపానని ఆమె ఆయనకు చెప్పనేలేదు.

నేనేదో పెద్ద తెలివైనదాన్నని, కథలో ఒక ఎండిన కోటనూ, నీళ్ల కోసం వెతికే ముసలాయన్నీ పెట్టాను. ఆమె టెంకాయ పట్టుకుని నడిచింది. నోట్సు చాటున పాచికలు వేశాను. రెండూ ఒకట్లే. నీళ్లు లేవన్నమాట. చూసింది నేనొక్కదాన్నే కదా, టెంకాయ లేచిందనీ నీళ్లు ఎగజిమ్మాయనీ చెప్పేశాను. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఆమె ముఖం పాలిపోయింది.

"నీళ్లు నేనడిగినానా? టెంకాయ లేవలేదని ఆయప్పకు చెప్పేదానికి వచ్చినా నేను."

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ మొదట్నుంచి ఆడదామన్నాను. ఈసారి టెంకాయ లేవలేదని చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, ముసలాయన్ని చూసినట్టు చూసింది.

"నాయనా, టెంకాయ లేవలేదు. నేనే లేపినా."

ఇప్పుడు ముసలాయన గొంతుతో నేను జవాబు చెప్పాలి. ఆట పద్ధతి అదే, కథలో ఎదురయ్యే వాళ్లందరి మాటా నడిపేవాళ్లదే. పోనీలే తల్లీ అనడానికి నేనెవర్ని? టీ తాగొద్దామని లేచిపోయాను. ఆ తర్వాత ఆమె ఆట ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. చదువులయ్యాక ఎవరి దారిన వాళ్లం పోయాం.

మనుషులు ఈ ఆట ఎందుకాడతారో నాకు ఆరోజే తెలిసింది. చెప్పాల్సిన మాట మిగిలిపోయి, వినాల్సిన మనిషి లేకపోతే, ఎవరో ఒకరు ఆ మనిషై ఎదురుగా కూర్చోవాలి. నేను కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయాను.

వంటింట్లో టెంకాయ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆమె కనిపిస్తుంది. ఆ కోటలో, ఆ ఎండలో, అలాగే చెయ్యి చాపి నిలబడి ఉంటుంది. ముసలాయన ఇంకా ఏమీ చెప్పలేదు.