తాళంచెవి బాపట్ల పెళ్లికి వెళ్లిన రోజు

రేపల్లెలో నేను హెడ్ నర్సుగా పనిచేసే ఆసుపత్రి చిన్నది. అందులో పెద్దవి రెండే: బయటి బోర్డు, మా సారు గొంతు. సారంటే ఎముకల డాక్టరు, ఆసుపత్రి యజమాని కూడా ఆయనే.

ఇన్సూరెన్సు కేసులు రావాలంటే ఏదో సర్టిఫికెట్ ఉండాలని ఎవరో చెవిన వేశారు. దానికోసం తెనాలి నుంచి ఒక కన్సల్టెంటుని పిలిపించారు. ఆయన మా మందుల గదిలోకి వస్తూనే, గుళ్లో చెప్పులతో తిరిగేవాళ్లని చూసినట్టు మమ్మల్ని చూశాడు. తాళం వేసి లెక్కరాసి ఉంచాల్సిన మత్తుమందు మార్ఫిన్ ఇంజెక్షన్లు దూది కట్టల పక్కన హాయిగా కూర్చుని ఉన్నాయి మరి.

వారం తిరక్కుండా గోడకి బిగించిన ఇనుప బీరువా వచ్చింది. బయటి తలుపుకి ఒక తాళం, లోపలి పెట్టెకి ఒక తాళం. లోపలిది నా దగ్గర, బయటిది సారు దగ్గర. ఇంజెక్షన్ తీసినప్పుడల్లా ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది రిజిస్టర్లో రాసి ఇద్దరు సంతకాలు పెట్టాలి. వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు.

"మీరు ఊళ్లో లేకపోతే తాళంచెవి ఎవరికిస్తారు సార్?" అని అడిగాను.

"నేనెక్కడికి పోతానమ్మా?" అన్నారాయన. పెళ్లిళ్ల సీజన్లో డాక్టరు అనాల్సిన మాటేనా అది!

ఆ ఆదివారం బాపట్లలో ఆయన క్లాస్‌మేటు కూతురి పెళ్లి. సారు పట్టుపంచె కట్టుకుని కారెక్కారు. బీరువా తాళంచెవి కారు తాళాల గుత్తిలోనే ఉంది కాబట్టి అదీ పెళ్లికి బయల్దేరింది.

మధ్యాహ్నం ఒక మత్స్యకారుణ్ణి ఆటోలో తెచ్చారు. బోటుని ఒడ్డుకి లాగుతుంటే మోకు తెగి, బోటు మీదికొచ్చి తొడ ఎముక విరిగింది. వెంట అతని భార్య ఉంది. బజార్లో చేపలమ్మి పదునెక్కిన గొంతు. మా డ్యూటీ డాక్టరమ్మ కాలు కదలకుండా కట్టించి, మామూలు నొప్పి ఇంజెక్షన్ చేయించింది. అతని అరుపుల ముందు అది ఏ మూలకి? "మార్ఫిన్ ఇద్దాం సిస్టర్" అంది. ఇద్దరం వెళ్లి బీరువా ముందు నిలబడ్డాం. నా తాళంచెవి నా చేతిలో ఉంది. రెండోది లేదు.

సారుకి ఫోన్ చేశాను. అవతల సన్నాయి చెవులు పగలగొడుతోంది.

"సార్, తాళంచెవి!"

"తాళి ఇందాకే కట్టేశారమ్మా! తలంబ్రాలు అవుతున్నాయి!"

నాలుగోసారి అరిచాక ఆయనకి అర్థమైంది. "అయ్యో, బయల్దేరుతున్నా" అన్నారు. ఎంత తొక్కినా గంట పైమాటే.

సంగతి విన్న ఆ భార్య నడుముకి కొంగు బిగించింది. "ఏంటమ్మా? మందు లోపలుంది, మనిషి బయటున్నాడు, తాళంచెవి పప్పన్నం తింటందా?"

"రూల్ ప్రకారం మేం..." అని డాక్టరమ్మ నసిగింది.

"ఆ రూలుని తెచ్చి ఈ మంచం మీద పడుకోబెట్టండి. అరుస్తదో లేదో చూద్దాం."

నేను వెళ్లి ఆక్సిజన్ సిలిండరు విప్పే స్పానరు తెచ్చాను. మొదటి దెబ్బకి నా మోచెయ్యి జివ్వుమంది, తాళానికి చీమ కుట్టినట్టయినా లేదు. మా ఆసుపత్రిలో నిజాయితీగా కొన్న వస్తువు అదొక్కటే అనుకుంటాను. డాక్టరమ్మ బీరువా తలుపుని అదిమి పట్టుకుంటే, తిట్టుకుంటూ కొట్టీ కొట్టీ చివరికి ఊడగొట్టాను.

ఇంజెక్షన్ పడిన కాసేపటికి మంచం కమ్మీ మీద బిగిసిన అతని వేళ్లు వదులయ్యాయి. అప్పటిదాకా మమ్మల్ని ఉతికి ఆరేసిన ఆ భార్య గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. మోచేతి నొప్పికేనని డాక్టరమ్మకి చెప్పాను.

చిన్న గాజు ఆంప్యూల్లో మిగిలిన మందుని ఇద్దరం చూస్తుండగా పారబోసి, రిజిస్టరు తెరిచాం. "బయటి తాళం పగలగొట్టడమైనది. కారణం: తాళంచెవి డాక్టరుగారితో బాపట్ల పెళ్లిలో ఉన్నది" అని రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. "పగలగొట్టేప్పుడు నేనూ చూశాగా" అంటూ అతని భార్య కూడా రెండు గళ్లు మింగేసేంత సంతకం పెట్టింది.

సారు నెత్తిన అక్షింతలతోనే దిగారు. పాపం, ముందు పేషెంటునే చూశారు. తర్వాత రిజిస్టరు.

"పెళ్లని రాయాలా? అత్యవసర పని మీద అని రాయొచ్చుగా!"

"అత్యవసరం పెళ్లివాళ్లకి కదండీ సార్."

"ఆ పేజీ తీసెయ్."

"పేజీలకి నంబర్లున్నాయండి."

పట్టుపంచెలో మనిషి అంతకంటే కోప్పడలేడు.

మత్స్యకారుడి కాలికి మర్నాడే ఆపరేషన్ అయింది, బాగా అతుక్కుంది. తర్వాతి నెల కన్సల్టెంటు వచ్చి ఆ పేజీ చదువుతుంటే, సారు ప్రోగ్రెస్ కార్డు చూపించిన పిల్లాడిలా నిలబడ్డారు. "ఇది బాగుందండి, ఏం జరిగిందో తెలుస్తోంది" అన్నాడాయన. "మీ మందుల ఫ్రిజ్ చార్టే బాలేదు. రేపటి టెంపరేచరు కూడా రాసేశారు."

ఇప్పుడు సారు గడప దాటితే తాళంచెవి డ్యూటీ డాక్టరమ్మకి అప్పజెప్పి సంతకం తీసుకోవాలి. ఆయనకి ఆ నియమం మీద ఎంత భక్తి కుదిరిందంటే, ఎదురుగా టీ తాగడానికి వెళ్లినా సంతకం అడుగుతున్నారు. విసుక్కుంటూనే పెడుతోంది డాక్టరమ్మ.