కెమెరా మీద తువాలు

ముప్పై రెండేళ్ళు ప్రసూతి వార్డులో పనిచేసినదాన్ని. ఎన్ని వేలమంది పసిపిల్లల్ని ఈ చేతులతో తుడిచి తల్లుల పక్కన వేశానో లెక్కే లేదు. అలాంటి నాకు పిల్లల్ని నిద్రపుచ్చడం చేతకాదని గోపన్‌పల్లి నీలమ్మ తేల్చేసింది. మీ నర్సులకు మీ డ్యూటీ టైము తెలుసు గానీ పిలగాని టైము తెల్వదని మొహం మీదే అనేసింది. నాకు ఒళ్ళు మండి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే టీ పెట్టి పిలిచాను. ఎందుకంటే ఆమె అన్నది నిజం.

నీలమ్మకు యాభై నాలుగేళ్ళు. మా అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చింది, జనం చేరాక అవే ఇళ్ళలోకి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చింది. సంతకం రాదు. ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లల్ని ఇప్పటికి పదకొండు మందిని పెంచింది. ఒక్కొక్కరి పేరూ, వాళ్ళు ఎట్లా పడుకునేవాళ్ళో కూడా చెబుతుంది. ఒకడికి చెవి నిమరాలి, ఒకతెకి అరికాలు రుద్దాలి, ఇంకొకడికి ఏమీ చేయకుండా పక్కన ఊరికే కూర్చోవాలి.

ఆమె పద్ధతి చూసి నేర్చుకోవలసిందే. పిల్లాడు ఏడ్చేదాకా ఆగదు. ఆట మధ్యలో చూపు ఒకచోట ఆగినా, చెవి పట్టుకుని లాగినా వెంటనే ఎత్తుకుంటుంది. నిద్ర మన ఊరి బస్సు లెక్కనట, ఒకటి పోయిందంటే ఇంకోటి వచ్చేదాకా నిలబడాలట. భుజాన వేసుకుని జో కొడుతూ, కొట్టే చేతి వేగాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తుంది. దింపేటప్పుడు ముందు కాళ్ళు, తర్వాత నడుము, చివర తల. వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద అరచెయ్యి కాసేపు అలాగే ఉంచి, ఒక్కో వేలూ తీస్తుంది. సాంబ్రాణి పొగ దగ్గర మాత్రం మేం పోట్లాడుకున్నాం. పసివాడి ఊపిరికి మంచిది కాదని నేను పట్టుబట్టాను. సణుక్కుంటూనే మానేసింది.

మా ఎదురింటి యశస్విని ఆర్నెల్ల సెలవు అయిపోయి ఆఫీసుకు పోవలసి వచ్చినప్పుడు, నీలమ్మను పెట్టుకొమ్మని చెప్పింది నేనే. యశస్వినిది సిద్దిపేట వైపు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త మధుకర్ ఆ నెల పని మీద పుణెలో ఉన్నాడు. కొడుకు చిన్ను. వాడు పుట్టినప్పటి నుంచీ యశస్విని వరసగా మూడు గంటలు పడుకున్నది లేదు. కళ్ళ కింద నల్లగా, చెప్పులు మార్చి వేసుకుని తిరిగేది. పిల్లాడు నిద్రలో ఊపిరి తీస్తున్నాడా లేదా అని అర్ధరాత్రి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. తొలిచూలు తల్లులకు ఉండేదే, తిట్టి లాభం లేదు.

చిన్ను మంచం ఎదురుగా అలమర మీద ఒక కెమెరా పెట్టారు. ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు, వేలితో తిప్పితే కెమెరా తల కూడా తిరుగుతుంది. ఈ కాలంలో అందరిళ్ళలోనూ ఉన్నదే గనక నీలమ్మ ఏమీ అనుకోలేదు.

మొదటి వారం నుంచే తకరారు మొదలైంది. పదకొండింటికి చిన్ను చక్కగా నిద్రపోయేవాడు. పదకొండు నలభైకల్లా ఉలిక్కిపడి లేచి, గుక్కపట్టి ఏడ్చేవాడు. ఇక ఏం చేసినా పడుకోడు. సాయంత్రానికి అలిసిపోయి, చిరాకుపడి, రాత్రి తల్లిని నిద్రపోనివ్వడు. రోజూ అదే వరస. నీలమ్మకు అవమానంగా ఉండేది. పదకొండు మందిని పెంచిన చెయ్యి పన్నెండోవాడి దగ్గర ఓడిపోవడమా?

ఐదో రోజున ఆమె కనిపెట్టింది. చిన్ను లేచే ముందు ప్రతిసారీ కెమెరా 'గుర్ర్' మని తల తిప్పుతోంది. సాయంత్రం యశస్విని రాగానే, ఆ డబ్బా సప్పుడు చేస్తున్నది, తీసెయ్యమని చెప్పింది. చెప్పడమే తప్పయిపోయింది. పనిమనిషి కెమెరా వద్దంటోంది అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? యశస్విని మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి నా దగ్గరికి వచ్చి, ఈమె పిల్లాడిని ఏమైనా చేస్తోందా ఆంటీ అని అడిగింది. నేను గట్టిగా లేదనాలి. ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చి, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండో గురువారం యశస్విని చెప్పేసింది. సోమవారం నుంచి చిన్నును క్రెష్‌లో వేస్తున్నామని, నీలమ్మ శుక్రవారం దాకా వస్తే చాలని. నీలమ్మ తలూపి వెళ్ళిపోయింది.

శుక్రవారం పదకొండు నలభైకి నా ఫోన్ మోగింది. యశస్విని. "ఆంటీ, కెమెరా మీద ఏదో కప్పేసింది. అంతా నల్లగా కనిపిస్తున్నది. జర తొందరగా పోయి చూడండి, నేను వస్తున్నా."

పరుగున వెళ్ళి తలుపు తట్టాను. నీలమ్మ తలుపు తీసి, మాట్లాడవద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టింది. మంచం మీద చిన్ను రెండు చేతులూ చెరోవైపు పడేసి నిద్రపోతున్నాడు. నేను వంగి ఊపిరి చూశాను. ఎంత నర్సునైనా నా గుండె కూడా అదిరింది మరి. వాడు హాయిగా ఉన్నాడు. అలమర మీద కెమెరాకు వాడి ఒళ్ళు తుడిచే మందపాటి తువాలు మూడు మడతలు చుట్టి ఉంది.

ఇదేం పని అని గుసగుసగా కోప్పడ్డాను. నీలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఎట్లయినా పంపిస్తున్నరు గద సిస్టరమ్మా. పోయేముందు ఒక్కరోజన్న పిలగాన్ని కంటినిండ పండనిస్త."

పన్నెండుంపావుకి యశస్విని బైక్ టాక్సీ దిగి వచ్చింది. జుట్టంతా చెదిరిపోయింది, మెళ్ళో ఆఫీసు కార్డు వెనక్కి తిరిగి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తువాలు లాగి పడేసింది. తర్వాత మంచం మీదికి వంగింది. చిన్ను నిద్రలోనే చప్పరిస్తున్నాడు. పడుకుని గంటంపావు అయిందని నీలమ్మ వేళ్ళతో చూపించింది. యశస్విని నమ్మలేక ఫోను చూసింది. దారంతా అందులో ఆ నల్లటి తెరనే చూస్తూ వచ్చింది, ఇప్పుడు గది కనిపిస్తోంది. మంచం కమ్మీల చాటున కొడుకు మొహం కనపడటం లేదు. రోజూ అలవాటైన పని. ఆ పిల్ల వేలు ఫోను తెర మీద దానంతటదే కదిలింది.

కెమెరా 'గుర్ర్' మంది.

చిన్ను రెండు పిడికిళ్ళూ గాల్లోకి ఎగిరాయి. మొహం ఎర్రబడి, పెదవి వంకర తిరిగింది. నీలమ్మ అరచెయ్యి అప్పటికే వాడి గుండెల మీద ఉంది. ఒకటి, రెండు, మూడు, మెల్లగా తట్టింది. వాడు నిట్టూర్చి మళ్ళీ నిద్రలోకి జారాడు.

యశస్విని ఒకసారి కెమెరా వైపూ, ఒకసారి తన వేలి వైపూ చూసుకుంది. ఇన్ని రోజులూ ఆఫీసులో ఉండి తిప్పిందే తప్ప, అది తిరిగేటప్పుడు ఈ గదిలో ఏనాడూ లేదు. రోజూ ఎన్నింటికి చూస్తావని అడిగాను. మీటింగ్ అయిపోగానే ఆంటీ, పదకొండు నలభైకి అంది. పడుకున్న నలభై నిమిషాలకు పసివాళ్ళ నిద్ర పలచబడుతుందని నాకు తెలుసు. తెలిసీ నాకు తట్టలేదు, ఏం లాభం.

"నేనే లేపుతున్ననా?" అంది యశస్విని.

"నీకు పాణం ఆగక చూస్తున్నవ్ బిడ్డా," అంది నీలమ్మ. "తల్లివి గద."

యశస్విని గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. నిన్ను అనుమానించిన నీలమ్మా అంది. నీలమ్మ కుడిచెయ్యి పిల్లాడి మీద నుంచి తీయకుండా, ఎడమచేత్తో ఆ పిల్ల తల తన ఒళ్ళోకి లాక్కుంది. ఏడుపు కాసేపటికి ఎక్కిళ్ళయింది. ఎక్కిళ్ళు కూడా ఆగాయి. చూద్దును కదా, మెళ్ళో కార్డు తీయకుండానే యశస్విని నిద్రపోయింది.

నేల మీద పడి ఉన్న యశస్విని ఫోను అదరడం మొదలుపెట్టింది. తీసి చూశాను, పుణె నుంచి మధుకర్. నీలమ్మ చెయ్యి చాచి అడిగితే, పచ్చ గుర్తు నొక్కి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలా నెమ్మదిగా చెప్పింది.

"ఇద్దరు పండుకున్నరు. పొద్దుమూకినంక చెయ్యి బిడ్డా."

ఫోను నాకిచ్చి, సోమవారం పొద్దున వాడి స్నానానికి కొబ్బరినూనె తెప్పించమని చెప్పింది, సీసా అయిపోయిందట.